వాటా వద్దన్న ఏజెంటుతో ఉద్దానం తీరానికి

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల కాలక్షేపమని నా గట్టి నమ్మకం. అందుకే అప్పలరాజు గారి గురించి రాయమని వారపత్రికవాళ్లు అడిగితే మొహం చిట్లించాను. ఆయన విశాఖలో గోల్ఫ్ పోటీలు పెట్టే ప్రమోటరు, ఆటగాళ్లకు ఏజెంటు. ఫోన్ చేస్తే, పలాస వెళ్తున్నాను, నాతో రండి, రైల్లో చెప్పుకుందాం అన్నారు.

ఉదయం ఆరున్నరకు రైలెక్కాం. శ్రీకాకుళం రోడ్డు దాటేసరికి ఆయన జీవితకథ సగం చెప్పేశారు. చిన్నప్పుడు మైదానంలో ఆటగాళ్ల బ్యాగులు మోశారు. ఆడే స్తోమత లేక ఆడించడం మొదలుపెట్టారు. కంపెనీల గుమ్మాలెక్కి, కాళ్లావేళ్లా పడి బహుమతులు తెచ్చి పోటీలు నడిపారు. ఇప్పుడు ఆటగాళ్లకు అవకాశాలు వెతికి, వాళ్ల సంపాదనలో వాటా తీసుకుంటారు.

ఎదుటి సీట్లో టెక్కలి గ్రానైటు మేస్త్రి అంతా విని, "అంటే ఆడకండానే వాటానా? బాగుంది బావా!" అన్నాడు. అప్పలరాజు గారు నవ్వి ఊరుకున్నారు. కానీ ఆ మాట ఆయనకు గుచ్చుకుంది. నౌపడ ఉప్పుమడులు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

పదిన్నరకు పలాసలో దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాం. ఉద్దానం జీడితోటల మధ్య సముద్రతీరానికి ముప్పావుగంట ప్రయాణం. దారిలో అసలు పని చెప్పారు. అక్కడి జాలరి కామయ్య కూతురు మౌనికకు పందొమ్మిదేళ్లు. విశాఖలో మేనత్త ఇంట్లో ఉంటూ, మైదానంలో గడ్డి కోసే మావయ్య వెంట వెళ్లి ఆట పట్టేసింది. బెంగళూరులో ఏడాది శిక్షణకు చోటు దొరికింది. తండ్రి ఒప్పుకున్నాడని ఈ సాయంత్రంలోగా చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

కామయ్య సముద్రం ఒడ్డున పదిమందితో పెద్దవల లాగిస్తున్నాడు. అప్పలరాజు గారు తన పోటీల రంగురంగుల కరపత్రాలు చేతిలో పెడితే చూడనైనా చూడలేదు. "ముందు తాడట్టుకోండి" అన్నాడు. పట్టుకున్నాం. గంటసేపు లాగేసరికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. వల ఒడ్డుకొచ్చాక తాడు పట్టిన ప్రతివాళ్ల ముందూ కానాగంత చేపలు కుప్ప పోశారు, మా ముందు కూడా.

అప్పలరాజు గారు దర్జాగా, "నాకొద్దు కామయ్యా, వాటా కోసం రాలేదు నేను" అన్నారు.

కామయ్య మొహం మాడిపోయింది. "తాడు లాగి వాటా ఒద్దన్నోడు మా మనిసెలాగవుతాడు బాబూ? రేపు పిల్లకి జొరమొత్తే, నాకేటి సమ్మందం అనరా?"

తండ్రిని అడగాలని ముందురోజే ఊరొచ్చి, పడవ పక్కన నిలబడ్డ మౌనిక తల దించుకుంది. పెద్ద పెద్ద కంపెనీలను ఒప్పించిన మనిషి ఇసుకలో చతికిలబడి, తన ఫోటో ఉన్న కరపత్రాలు పరిచి, చేపలు ఒక్కొక్కటే పేర్చారు. తరవాత తలెత్తి, "తక్కువేశావు కామయ్యా, ఇంకో రెండు వెయ్యి" అన్నారు.

కామయ్య పకపకా నవ్వి నాలుగు వేశాడు. "ఇప్పుడయ్యారు మా మనిసి. పిల్లని తీసికెల్లండి." బెంగళూరుకు ఫోన్ చేసేసరికి మూడున్నర. మౌనిక చేపల మూటకు తాడు కట్టి ఇచ్చి, సామాను సర్దుకుని రెండు రోజుల్లో విశాఖ వస్తానంది.

అయిదింటికి పలాసలో బస్సెక్కాం. ఉద్దానం వెళ్లేవాళ్లకు నాదొకటే సలహా: అక్కడ ఎవరేది పెట్టినా మొహమాటానికి వద్దనకండి. గోల్ఫ్ మీద నా అభిప్రాయం కూడా కొంచెం మారింది. టెక్కలి దగ్గర కండక్టరు ముక్కు మూసుకుని, "ఏటి బావా ఆ మూట?" అన్నాడు.

పొద్దున రైల్లో నవ్వి ఊరుకున్న మనిషి, బస్సంతా వినేలా చెప్పారు.

"నా వాటా."