పైన తేలిన పోగులు

అమోసు కోలారు బంగారు గనుల మిల్లులో షిఫ్టుల వారీగా ఇరవై నాలుగేళ్లు రాతిపిండి కడిగాడు. మూకుడులో నీళ్లు తిప్పి, పైబురద పారబోసి, అడుగున మిగిలిన పచ్చటి గీతను చూసి ఆ రాయిలో బంగారం ఎంతుందో చెప్పేసేవాడు. గనులు మూసి ఇరవై ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. ఇంట్లో బియ్యం కడిగినా గిన్నెను అలాగే తిప్పుతాడు. "ఏమయ్యా, బంగారం పడిందా?" అని భార్య ఆలిస్ ఏడిపిస్తుంది.

కూతురు షెరిన్‌ది రాబర్ట్‌సన్‌పేటలోని ఒక బడిలో తాత్కాలిక టీచరు ఉద్యోగం. ఆరోజు ఆమె పాఠం చూసి, ఉంచాలో పంపేయాలో హెడ్‌మిస్ట్రెస్ తేల్చేస్తుంది. అందుకే పిల్లలకు చూపించడానికి షెరిన్ పొద్దున్నే అరటిపండు చిదిపి, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి, గుడ్డలో వడగట్టి, గాజుగ్లాసులో పోసి, దానిమీద చల్లటి స్పిరిట్ వొంపింది.

"ఇదేందమ్మా?" అన్నాడు అమోసు.

"పండులో ఉండే డీఎన్ఏ అప్పా. తాడునిచ్చెన మెలి తిప్పినట్ల ఉంటాది. రెండు పురులు, మధ్యన మెట్లు. ఒక్కటయితే కంటికి ఆనదు, లక్షలు ముద్దకడితే తెలుస్తాది. కొంచేపు చూసుకో" అని స్నానానికి వెళ్లింది.

అమోసు చూస్తూ కూర్చున్నాడు. పైకి తెల్లగా తెట్టులాంటిది లేచింది. కూతురికి సాయం చేద్దామనుకున్నాడు మహానుభావుడు. గ్లాసు నేర్పుగా తిప్పి, ఆ తెట్టంతా పారబోసి, అడుగునున్న అరటినీళ్లను భద్రంగా ఉంచాడు.

షెరిన్ తల తుడుచుకుంటూ వచ్చింది. "పైన తేలింది యాడప్పా?"

"తెట్టు కదమ్మా, పారబోసినాను. సరుకు అడుగున ఉండాది."

"తేలిందే సరుకప్పా!" అంటూ షెరిన్ పీట మీద కూలబడింది.

అమోసుకు ప్రాణం ఉసూరుమంది. తన పని ఎప్పుడో పోయింది, ఇప్పుడు కూతురి పని కూడా తన చేతులతోనే పోగొట్టానే అని సిగ్గుపడ్డాడు. ఆలిస్ మిగిలిన ఒక్క పండూ తెచ్చి ఇచ్చింది. స్పిరిట్ అరగ్లాసే మిగిలింది. షెరిన్ మళ్లీ చిదిపి వడగట్టి, ఆ స్పిరిట్ తండ్రి చేతికిచ్చింది.

"మూకుడు తిప్పిన చెయ్యి నీది. ఇంగ నువ్వే పొయ్యప్పా. అంచు వెంబడి, కలవకుండా."

అమోసు గ్లాసు వంచి పట్టుకుని, ఊపిరి బిగబట్టి, సన్నటి ధారగా వొంపాడు. స్పిరిట్ పైన విడిగా నిలిచింది. కాసేపటికి తెల్లటి పోగులు మెల్లగా లేచాయి. చీపురుపుల్లకు వాటిని తెగకుండా చుట్టి సీసాలో వేశాడు.

సాయంత్రం షెరిన్ నవ్వుతూ వచ్చింది. "ఉద్యోగం నిలిచిందప్పా! ఇంత పొడుగు పోగులు ఎట్ల తీసినావని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. మా అప్ప తీసినాడని చెప్పినాను. శుక్రవారం తొమ్మిదో తరగతికి నువ్వే వచ్చి చేసి చూపించాలంట."

అమోసు కళ్లు తుడుచుకుని, "ఏ షిఫ్టుకి రమ్మన్నారమ్మా?" అని అడిగాడు.