డాక్టరుగారింటి మానిటర్

ఇరవై రెండేళ్లుగా పాత యంత్రాలు బాగుచేస్తున్న ఆ మెకానిక్‌ని వీధంతా డాక్టరు అంటుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన ముందు రచ్చ గెలిచేసి, ఇంటి సంగతి నిదానంగా చూసుకుందామనుకున్నాడు.

ఇంట్లో భార్య కంప్యూటర్ మీద టైపు పనులు చేస్తుంది. పన్నెండు రోజుల కిందట మానిటర్ వెలగడం మానేసింది. ఒక ప్రొఫెసరు పుస్తకం శుక్రవారానికల్లా టైపు చేసి ఇవ్వాలి. లేకపోతే అదీ, దాని వెనక రాబోయే మరో రెండూ వేరేవాళ్ల చేతికి పోతాయి.

"ఏమండీ, ఓసారి విప్పి చూడకూడదూ?"

"దాని ఆయుష్షు తీరిపోయిందే. రిపేరు దండగ. పారేద్దాం."

తన రిపేరు కొట్టుకి వచ్చినవాళ్లతో ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు.

అసలు సంగతి ఆయనొక్కడికే తెలుసు. అలాంటి మానిటరే తెచ్చిన బ్యాంకు మేనేజరు తొందరపెడితే, ఇంట్లోదాని పవర్ బోర్డు ఊడదీసి అందులో బిగించాడు. రెండు రోజుల్లో వేరేది తెచ్చి పెట్టేద్దామనుకున్నాడు. మేనేజరు పొగడ్తల మత్తులో ఆ రెండు రోజులూ గడిచిపోయాయి. ఆ తర్వాత ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

బుధవారం పొద్దున ఆమె మానిటర్‌ని దుప్పట్లో చుట్టి కొట్టుకు తెచ్చింది. నలుగురి వెనక బెంచీ మీద కూర్చుంది. వంతు రాగానే బల్ల మీద పెట్టింది.

"డాక్టరుగారూ, మా ఆయన దీన్ని పారేయమంటున్నాడండీ. మీరేమంటారు?"

బెంచీ మీది పెద్దాయన ఊరుకోలేదు. "అలాంటివాళ్ల మాట వినకమ్మా! చేతకానివాళ్లంతా అదే అంటారు."

డాక్టరు మానిటర్‌ని పక్కకి జరపబోయాడు. "సాయంత్రం ఇంటికొచ్చి చూస్తాలే."

"ఇప్పుడే విప్పండి. వరసలోనే వచ్చాను."

విప్పక తప్పలేదు. బోర్డు ఉండాల్సిన చోట నాలుగు మర కన్నాలూ, వేలాడే తీగలూ ఉన్నాయి.

పెద్దాయన వంగి చూశాడు. "అయ్యో, ఎవడో దొంగవెధవ పీక్కుపోయాడమ్మా!"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు బాబాయిగారూ. బెంచీ మీద కూర్చుంటే దొరుకుతాడు కాబోలు."

ఆమె బల్ల మీద డాక్టరు కంప్యూటర్లు పరీక్షించే మానిటర్‌ తీగలు ఊడదీసి, అదే దుప్పట్లో చుట్టుకుంది.

"అది లేకపోతే నాకు పనెలా జరుగుతుంది?"

"నేనూ పన్నెండు రోజులుగా అదే అడుగుతున్నాను."

మధ్యాహ్నమే కొట్టు మూసి, డాక్టరు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాడు. ఆయుష్షు తీరిన మానిటర్ సాయంత్రానికి వెలిగింది. పుస్తకం శుక్రవారం చేరాల్సిన చోటికి చేరింది.

పెద్దాయన మాత్రం కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు: "లోపలేమీ లేనిదాన్ని కూడా వెలిగించాడయ్యా, మహానుభావుడు!"