భోంగా మోగిన రోజు కుదిరిన సంబంధం

మధ్యాహ్నం భోంగా మోగిందంటే చాలు... మా చిన్నప్పుడు వీధి వీధంతా ఇళ్లు వదిలి బయటికొచ్చి నిలబడేది. భోంగా అంటే గని సైరన్. అది మోగిన కాసేపటికి బ్లాస్టింగ్... భూమి ఒక్కసారి అదిరేది, ఇంటి మీద పెంకులు జారేవి. అందుకే ఆ కాసేపు లోపల ఎవరం ఉండేవాళ్లం కాదు.

మాది చంద్రపూర్ జిల్లాలో, రాజూరా అవతల గుట్టల పక్కన ఊరు. బొగ్గు గని వచ్చాక ఊరు పెరిగింది... ఊరితో పాటు గనిలోంచి తవ్వి పోసిన మట్టి గుట్టలూ పెరిగాయి. సాయంత్రం గుట్టెక్కి చూస్తే కింద దీపాలు బారులు తీరి కనిపించేవి. మాకు అదే బొంబాయి.

ఊరు పెరిగితే వచ్చే సుఖం ఏమిటో మా నాయనమ్మ నోటే వినాలి. గని పని కోసం కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం మాది. అక్కడ నీళ్లు మోసి మోసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి ఆమె... ఇక్కడేమో నల్లా తిప్పితే నీళ్లు. దవాఖాన, కరెంటు, గంటగంటకూ బస్సు... కొత్తగా కలర్ టీవీ కూడా!

కష్టం సంగతి మాత్రం అమ్మనడగాలి. పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి నల్లబడేవి. వడియాలు పెట్టాలంటే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోవాలి. ఇక గోడలకు పగుళ్లు... మా వీధిలో ఎవరింట్లో క్యాలెండర్లు ఎక్కువుంటే వాళ్ల గోడలకు పగుళ్లు ఎక్కువని లెక్క. మా ఇంట్లో పాత సంవత్సరాలవి కూడా వేలాడుతూ ఉండేవి.

ఈ దుమ్ము, ఈ అదురు చూసే మా కాకకు పిల్లనివ్వలేదు ఎవరూ. కాక అంటే బాబాయి, మా బాపు తమ్ముడు. గనిలో మంచి నౌకరీ, నెమ్మది మనిషి... అయినా రెండు సంబంధాలు ఇల్లు చూడ్డానికి వచ్చి, అదురు చూసి వెనక్కిపోయాయి. అప్పటి నుంచి ఇంట్లో పెళ్లి మాటెత్తితే కాక లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

మూడోది లక్కడ్‌కోట్ సంబంధం. వ్యవసాయం చేసుకునేవాళ్లు. పిల్లను చూసొచ్చిన రోజు సాయంత్రమంతా కాక అద్దం ముందే ఉన్నాడు... ఇది కూడా తప్పిపోతే ఇక పెళ్లే వద్దంటాడని అమ్మ భయం.

అందుకే వాళ్లను ఆదివారం రమ్మన్నారు. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు కదా... కానీ ఆదివారం వాళ్ల బస్సు చెడిపోయిందట. సోమవారం పొద్దున దిగారు, పిల్ల తండ్రి, ఆయన అక్క.

"అన్నం పెట్టి పన్నెండు గంటల బస్సెక్కిద్దాం. ఒకవేళ భోంగా మోగినా ఎవ్వరు లేవొద్దు. కూసున్నోళ్లు కూసున్నట్టే ఉండాలె" అని బాపు మమ్మల్ని వంటింట్లోకి పిలిచి చెప్పాడు.

మర్యాదలన్నీ బాగానే జరిగాయి. నాయనమ్మ నల్లా తిప్పి చూపించింది... కానీ ఆ పెద్దమ్మ కలర్ టీవీ ముందు కూర్చుందంటే లేవదే! పన్నెండు గంటల బస్సు పోయింది. ఆ తర్వాతి బస్సూ పోయింది. చాయ్ మీద చాయ్ తాగుతూ ఆమె టీవీ చూస్తోంది... అమ్మ గడియారం చూస్తోంది.

భోంగా మోగింది.

బాపు చెప్పిన మాట ఎవరికి గుర్తుంది? పగిలేవి పట్టుకుని పరుగెత్తడం ఏళ్ల తరబడి అలవాటైన చేతులు... అమ్మ మామిడికాయ జాడీ ఎత్తుకుంది. నేను గోడ గడియారం దించుకున్నాను. లేవొద్దని చెప్పిన మా బాపే, ఆ పెద్దమ్మ చూస్తున్న టీవీని వైర్లు పీకి కౌగిలించుకుని బయటికి పరుగెత్తాడు. కాక నాయనమ్మను పసిపిల్లలా ఎత్తుకొచ్చి వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టాడు.

అప్పుడు చూసుకున్నాం... చుట్టాలిద్దరూ లోపలే ఉండిపోయారు.

మేమింకా నోరు తెరవకముందే కాక మళ్లీ లోపలికి దూకాడు. పెద్దమ్మను ఒక చేత్తో, పిల్ల తండ్రిని ఇంకో చేత్తో పట్టుకుని బయటికి తెచ్చాడు. ఆమె చేతిలో చాయ్ కప్పు అలాగే ఉంది పాపం.

ధన్‌మని అదిరింది. లోపల క్యాలెండర్లు టపటపా రాలాయి... గోడ సంగతి గుమ్మంలోంచే కనిపించింది.

పిల్ల తండ్రి గుమ్మం దాకా వెళ్లి గోడ పగుళ్లు చూశాడు. తర్వాత "రోజు గిట్లనేనా?" అని అడిగాడు.

బాపు టీవీ దించకుండానే "రోజు గిట్లనే బావా... ఒక్క ఆదివారం ఉండది" అన్నాడు. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాక తల వంచుకుని నాయనమ్మ కొంగుకంటిన మట్టి దులుపుతున్నాడు. కాక అంటే నాకు ప్రాణం... నాకు ఏడుపు ఆగలేదు.

పిల్ల తండ్రి మా అందరినీ ఒకసారి చూశాడు. "మీ అందరి చేతులల్ల సామాన్లున్నయ్. పిలగాని చేతులల్ల మనుషులున్నరు. దుమ్ముంటే ఉండనీ... మా బిడ్డను ఇస్తం" అన్నాడు.

"టీవీ మాత్రం మల్ల పెట్టు నాయినా" అంది పెద్దమ్మ బాపుతో.

అలా వచ్చింది మా చిన్నమ్మ. వచ్చిన కొత్తలో భోంగా మోగితే పాపం ఏం పట్టుకోవాలో తెలియక కాక చొక్కా పట్టుకునేది. వీధంతా నవ్వేది.

తర్వాత గని ఇంకా పెరిగింది, మా వీధి మొత్తం గనిలోకి పోయింది. ఇంటికి బదులు గనివాళ్లు ఇచ్చిన పైసలతో చంద్రపూర్‌లో స్లాబు ఇల్లు కట్టుకున్నాం. బట్టలు తెల్లగా ఆరుతాయి, గోడలు కదలవు. సుఖంగానే ఉన్నాం, అబద్ధమెందుకు... కానీ ఎవరి గదిలో వాళ్లం, ఎవరి ఫోన్‌లో వాళ్లం. ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా వాకిట్లో నిలబడి ఎన్నేళ్లయిందో...

మీ ఇంట్లో అందరినీ ఒక్కచోటికి తెచ్చింది ఏమిటి? తెలిస్తే చెప్పండి... మా ఇంట్లో మళ్లీ అదేదో మొదలుపెట్టాలి.