అది నీళ్ళు యాడ తాగుతాంది?

మా బోటనీ మేడమ్ పోయారని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. మే నెల, మిట్టమధ్యాహ్నం. కర్నూలులో ఆ వేళకి చేతిలో ఫోన్ కూడా కాలుతుంది. "అక్క పాయెనప్పా. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్యాది. ఆడ్నే పాయె," అన్నాడు.

డిగ్రీలో ఆమె మాకు పాఠం చెప్పారు. పరీక్ష కోసం మేము మొక్కల పేర్లు బట్టీ కొట్టేవాళ్ళం. అది చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. మొక్క చేతికిచ్చి, మేము పేరు చెప్పబోతే ఆపేవారు. "పేరు తర్వాత. ముందు అది నీళ్ళు యాడ తాగుతాందో చెప్పు." ఆలూరు దగ్గర మెట్ట చేల మధ్య పుట్టిన మనిషి మరి. దేన్ని చూసినా ఆమెకు మొదట వచ్చే సందేహం అదే.

ఒకరోజు క్లాసుకి అనాసపండు తెచ్చారు. మాకు నోరూరింది గానీ ఆమె దృష్టంతా పండు నెత్తినున్న ఆకుల మీదే. దీని చుట్టాలను బ్రొమీలియాడ్లు అంటారని, పుట్టిల్లు దక్షిణ అమెరికా అని చెప్పారు. మొదట్లో అవీ మిగతా మొక్కల్లాగే నేలలో వేళ్ళు దించి తాగినవే. వాన నమ్మకం లేని చోట, మట్టే లేని చోట బతకాల్సి వచ్చి ఒక్కో శాఖ ఒక్కో దారి పట్టింది. కొన్ని ఆకుల మొదళ్ళను గిన్నెలా బిగించి వాన పట్టుకున్నాయి. కొన్ని చెట్ల కొమ్మలెక్కి, ఆకుల మీది సన్నటి పొలుసులతో మంచు తడిని పీల్చాయి. వాటికి వేళ్ళు పట్టుకుని వేలాడటానికే. అనాసలాంటివి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక తెరుస్తాయి. "మనూర్లో ఎండకాలం తలుపులు ఏసుకుంటాము చూడు, అట్ల," అన్నారు. ఆ పాఠం వల్లే నేనూ ఈ సబ్జెక్టులో మిగిలిపోయాను. ఇప్పుడు నా క్లాసులో నేనూ అదే ప్రశ్న అడుగుతుంటాను.

రిటైరయ్యాక బెంగుళూరు నర్సరీ నుంచి ఆ బ్రొమీలియాడ్లలోనే ఒక గిన్నె మొక్కను తెచ్చుకుని తన ఇంటి మిద్దె మీద నీడలో పెట్టారు. ఇంటికి వచ్చినవాళ్ళు గ్లాసులో వదిలేసిన నీళ్ళు దాని నడిమధ్య గుంటలోకే పోసేవారు. దోమలు రాకుండా అప్పుడప్పుడూ వంచి, మళ్ళీ నింపేవారు. మా ఇళ్ళలో సగం గ్లాసు వదిలే అలవాటు ఆమెకు భయపడే పోయింది.

ఆమె దిగులంతా తమ్ముడి గురించే. సేద్యం వదిలేసి వలసపోతాడని. ఆ మొక్కను చూస్తూనే ఒక ఆలోచన చేశారు. తమ్ముణ్ణి ఒప్పించి చేలో వాన పట్టుకునే కుంట తవ్వించారు. వానలు మొహం చాటేశాయి. నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్తే కుంట అడుగున నెర్రెలు. గట్టు మీద నిలబడి, ఆ మొక్కలు ఎట్లా మారి బతికాయో తమ్ముడికి మళ్ళీ మొదటి నుంచీ చెప్పబోయారు.

అతను ఓపిగ్గా విన్నాడు. "అక్కా, ఆ చెట్లకు మారేకి లచ్చల ఏండ్లు ఇచ్చినారు. నాకు ఒక్క ముంగారి వానన్నా ఇస్తాండారా?"

మేడమ్ గట్టు దిగి వచ్చేశారు. తిరుగు దారిలో, "వానికి కావల్సింది పాఠం కాదప్పా," అన్నారు. తర్వాత అతను బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా పోయాడు. ట్యాంకరు నీళ్ళు దింపించుకోవడం అతని డ్యూటీ. ఆ మొక్క ఒక్కటైనా బతికితే చాలన్నట్టుండేవారు ఆమె.

మా వైపు చావు జరిగిన ఇంట్లో నిలవ నీళ్ళు ఉంచరు. అన్నీ పారబోసి పాత్రలు బోర్లిస్తారు. పెద్దకర్మ నాడు తమ్ముడూ నేనూ మేడమ్ ఇంటి మిద్దె ఎక్కాం. గోడ వెంట బిందెలు, బకెట్లు బోర్లించి ఉన్నాయి. వాటి వరుసలోనే, ఎండలో, ఆ మొక్క కుండీ కూడా తలకిందులుగా ఉంది.

"నీళ్ళుండే వాటినంతా బోర్లియ్యమని నేనే చెప్పినా," అన్నాడతను. "పిల్లోళ్ళకు తెలీకపాయె."

కూర్చుని కుండీని నిలబెట్టాడు. ఆకులు కాగితాల్లా గలగలమన్నాయి. అతని చేతిలో సగం తాగిన నీళ్ళ గ్లాసు ఉంది. అడక్కుండానే దాన్ని మొక్క నడిమధ్యలో పోశాడు. ఎండి వదులైన ఆకుల సందుల్లోంచి నీళ్ళు బయటికి కారిపోయి, సిమెంటు మీద పడి, మేము చూస్తుండగానే ఆరిపోయాయి.