గని నీళ్లలో నీలి వెలుగు

గోదావరిఖనిలో మా చర్చి ఎన్నో సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలును లేచి అందరికీ చెప్పడాలు, వింది. వాటిలో ఒక్కటి మాత్రం ఉత్తదే. దాన్ని పుట్టించిన మహానుభావుణ్ని నేనే. మా నాన్న పరువు పోయేదాకా తెచ్చిన ఆ ఘనకార్యం చెబుతాను, కరువుతీరా నవ్వుకోండి.

అప్పుడు వరంగల్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. నాన్న పనిచేసే గని నుంచి తెచ్చిన నీళ్లలో సూక్ష్మజీవులను వెతకడం నా ప్రాజెక్టు. నీళ్లకు ఒక రంగు కలిపి, గాజుపలక మీద వేసి, ప్రత్యేకమైన దీపం ఉన్న మైక్రోస్కోపు కింద పెడితే అవి నీలంగా వెలుగుతాయి. అవి రంగు వల్లే వెలుగుతున్నాయని తేలడానికి రంగు కలపని నీళ్ల పలకను కూడా పక్కన పెట్టి చూడాలని మా సారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. నాలాంటి మేధావికి అవన్నీ ఎందుకండీ?

ఆ రోజు పలకలు తుడిచే కాగితం అయిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న చేతిరుమాలు జేబులోంచి తీసి అన్నీ తుడిచేశాను. తర్వాత మైక్రోస్కోపులో చూస్తే దీపావళే! పొడుగ్గా, వంకర్లు తిరిగిన జీవులు ధగధగా మెరుస్తున్నాయి. ఏ పుస్తకంలోనూ అలాంటివి లేవు. సారు ఊళ్లో లేరు. ఆయన వచ్చేదాకా ఆగానా? నాన్నకు ఫోన్ చేశాను.

"నాన్నా, మీ గని నీళ్లల్ల కొత్త జీవిని కనిపెట్టిన!"

"నిజమేనారా? ఎట్లుంటది?"

"నీలంగ మెరుస్తది. లోకంల ఎవ్వలు చూడలే."

"గిన్నేండ్ల సంది ఆ నీళ్లల్లనే డ్యూటీ చేస్తున్న, నాకెందుకు కనవడలేదురా?"

అనుమానం ఉన్నా, నాన్న ఆదివారం చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశారు. పాస్టరుగారు నా పేరున ప్రార్థన కూడా చేశారట.

సోమవారం సారు వచ్చి చూశారు. "రంగు కలపని పలక ఏది?"

పెట్టాను. అందులోనూ దీపావళే.

"వీటిని దేంతోని తుడిచినవ్?"

రుమాలు ఇచ్చాను. దీపం కింద పట్టుకుంటే అదంతా నీలంగా వెలిగింది.

"జీవులు కావయ్యా, నూలు పోగులు. ఈ రుమాలు ఎవరు ఉతికిన్రు?"

"మా అమ్మ సార్."

వారమంతా బొగ్గులో మునిగే నాన్న ఆదివారం చర్చికి కొంగలా తెల్లగా వెళ్లాలని అమ్మ పట్టుదల. బట్టలు తెల్లగా మెరవడానికి నీళ్లలో కలిపే మందును అందరూ ఒక మూత వేస్తే, అమ్మ చేతికొచ్చినంత పోస్తుంది; నా రుమాలునూ ఆ నీళ్లలోనే ఉతికింది. ఆ మందు కూడా అదే దీపానికి నీలంగా వెలుగుతుందట!

ఇంటికెళ్లి చెప్పాను. నాన్న తల వంచుకుని బూట్ల లేసులు విప్పుకుంటూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది, నాకు ఏడుపొచ్చింది.

"నిలవడి చెప్పిన గదరా. మళ్ల నిలవడి నేనే చెప్పాలె," అన్నారు.

ఆదివారం చర్చిలో నాన్న లేచారు. నేను బెంచీ కిందికి దూరడం ఒక్కటే తక్కువ.

"నా కొడుకు కనిపెట్టింది జీవిని కాదు. మా ఇంటామె ఉతుకుడు మైక్రోస్కోపుల సుత మెరుస్తదని కనిపెట్టిండు. దేవునికి స్తోత్రం!"

చర్చంతా పగలబడి నవ్వింది. అమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న కూర్చుంటూ నా భుజం తట్టారు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నాకు ఇష్టం.

అక్కడే ప్రమాణం చేశాను: ప్రాణం పోయినా రుమాలుతో పలక తుడవను, రంగు లేని పలక చూడకుండా నాన్నకు ఫోన్ చేయను. అమ్మ మాత్రం ఏ ప్రమాణమూ చేయలేదు. ఆ వారం నుంచి ఇంకో మూత ఎక్కువ పోస్తోంది.