అన్నం బంద్, గుడ్డు బంద్

రేవతి మంచిర్యాల డిపోలో కండక్టర్. నిర్మల్ రూటు బస్సు ఆమెది. లక్షెట్టిపేట, జన్నారం, ఖానాపూర్ మీదుగా పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక బస్సులో కాలు పెట్టే చోటు కూడా ఉండటం లేదు. ఆ రద్దీలో ముందుకీ వెనక్కీ తిరిగే తనకు రోగం ఎక్కడిదని అనుకునేది ఆమె. భర్త రవి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. శ్రీరాంపూర్‌లో కంపెనీ క్వార్టర్. ఒక్కతే కూతురు నవ్యశ్రీ, కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

డిపోలో వైద్య శిబిరం పెట్టినప్పుడు రేవతి కూడా పరీక్షకు రక్తం ఇచ్చింది. షుగర్ అంచు మీద ఉందన్నారు. మందులు ఇప్పుడే వద్దు, తిండి మార్చుకుని బరువు తగ్గమన్నాడు డాక్టర్. ఏది మానాలి, ఏది తినాలి అని అడగబోయేసరికి వెనకాల ఉన్న మెకానిక్ వచ్చి కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లేవక తప్పలేదు.

ఆ సంగతే డ్రైవర్ లక్ష్మీరాజానికి చెప్పింది. చాలాకాలంగా ఇద్దరిదీ ఒకే బస్సు. పోయినేడు అతని పొట్ట స్టీరింగుకు ఆనేది. ఇప్పుడు ఖాకీ చొక్కా ఒంటి మీద వదులుగా ఊగుతోంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె. పేలియో మొదలువెట్టు" అన్నాడు.

"గదేంది అన్న?"

"రాతికాలం మనిషి ఏం తిన్నడో గదే తినుడు. మాంసం, చేపలు, గుడ్లు, కాయలు, ఆకులు. గప్పుడు వడ్లు పండించిండ్రా? పప్పు వండిండ్రా? బర్రె పాలు పిండిండ్రా? ఏం లేదు. షుగరు గూడ లేదు."

"అన్నం అసలే వద్దా?"

"అన్నం బంద్. రొట్టె బంద్. పప్పు బంద్. నన్ను చూడరాదు."

రేవతి అతన్ని చూసింది. ఆ చొక్కాను కాదనడానికి ఏమీ తోచలేదు. మర్నాడు కోడికూర ఒక్కటే డబ్బాలో పెట్టుకుని డ్యూటీకి వచ్చింది. నిర్మల్ బస్టాండులో కూర్చుని తింటే, కూర అయిపోయింది గానీ భోజనం ఇంకా మొదలు కానట్టే అనిపించింది. అయినా ఓర్చుకుంది.

ఇంతలో పరీక్షలైపోయి నవ్యశ్రీ సెలవులకు వచ్చింది. వస్తూనే ఫ్రిజ్ తెరిచి, వరసగా పేర్చిన గుడ్లు చూసి తలుపు వేసేసింది.

"షుగర్ అంచు మీదున్నదని చెప్పి గిన్ని గుడ్లు తింటున్నవా అమ్మా?"

"లక్ష్మీరాజం మామ పొట్ట మొత్తం పోయిందే."

"పొట్ట సంగతి కాదు, లోపల గుండె ఎట్లున్నదో ఆయనకేం ఎరుక? నేను వీగన్ అయిన. మాంసం, గుడ్లు, పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టుకుంటలే. పప్పులు, జొన్నలు, కూరగాయలే. నా మొఖం చూడు, మొటిమలన్నీ పోయినయి."

నిజమే. బిడ్డ చెంపలు నున్నగా ఉన్నాయి. డ్రైవర్ పొట్టా అబద్ధం కాదు, బిడ్డ మొహమూ అబద్ధం కాదు. మరి ఒకరు తినమన్నదాన్ని ఇంకొకరు విషం అంటున్నారేమిటి?

"పోనీ తేనె తినొచ్చునా?" అని అడిగింది రేవతి.

"వద్దు. అది తేనెటీగలది."

"మామ తినొచ్చన్నడు."

"అయితే మామనే అడుగు" అని మొహం తిప్పుకుంది నవ్యశ్రీ.

రవి డ్యూటీకి తయారవుతూ ఇదంతా విన్నాడు. "ఏదో ఒకటి తినుండ్రి గని, నాకైతే అన్నం పెట్టుండ్రి" అని కంచం ముందుకు జరిపాడు.

రేవతికి ఎవర్నీ నొప్పించాలని లేదు. బస్సులో పప్పు డబ్బా తీస్తే లక్ష్మీరాజం మొహం చిన్నబోయేది. ఇంట్లో చెత్తబుట్టలో గుడ్డు పెంకులు కనిపిస్తే నవ్యశ్రీ మాట్లాడటం మానేసేది. పైగా ఎవరు చెప్పేది నిజమో ఆమెకే తెలియదు. చివరికి ఒక ఉపాయం తోచింది: ఇద్దరూ ఒప్పుకునేదే తినాలి. అన్నం, పప్పు, పల్లీలు అతను వద్దన్నాడు. మాంసం, గుడ్లు బిడ్డ వద్దన్నది. పాలచాయ్ ఇద్దరూ వద్దన్నారు. తీరా చూస్తే మిగిలింది కూరగాయలు, ఆకుకూరలు, కొబ్బరిముక్క, గుప్పెడు బాదం.

మొదట్లో ఒళ్లు తేలికైనట్టుంటే మంచిదే అనుకుంది. తర్వాత పని తప్పడం మొదలైంది. ఖానాపూర్ పోయేవాళ్లకు జన్నారం టికెట్ కొట్టేది. ఎక్కినవాళ్లనే మళ్లీ అడిగేది. ఒకరోజు జన్నారం దాటాక, పైకమ్మీ పట్టుకున్న చేయి దానంతటదే జారిపోయింది. పక్కనున్న ఆడవాళ్లు పట్టుకుని సీట్లో కూర్చోబెట్టారు. లక్ష్మీరాజం బస్సు పక్కకు తీసి ఆపాడు.

కిటికీ దగ్గర కూర్చున్న నాగవ్వ అనే ముసలామె, ఖానాపూర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది. దారిలో తినడానికి తెచ్చుకున్న మూట విప్పి, జొన్నరొట్టె తుంచి కోడికూరలో అద్ది రేవతి నోట్లో పెట్టింది. "తిను బిడ్డా. కండ్లు ఎట్ల పీక్కపోయినయో చూడు."

రేవతి తినేసింది. అందులో ఏది ఎవరు వద్దన్నారో తలుచుకునే ఓపిక లేదు.

ఈలోపు బస్సంతా తలో మాట అందుకుంది.

"షుగరున్నోళ్లు కొర్రలు తినాలె."

"కొర్రలు కాదు, పొద్దుగాల నానవెట్టిన మెంతులు."

"మా బావ అన్నం బంద్ వెడితే తక్కువైంది."

"మా మేనత్తకు మాంసం మానేస్తే తక్కువైంది మరి."

లక్ష్మీరాజం జనాన్ని జరుపుకుంటూ వచ్చాడు. "పొద్దుగాల ఏం తిన్నవ్ చెల్లె?"

"బీరకాయ."

"ఇంకా?"

"గంతే."

"గుడ్లేమైనయి?"

"నవ్య వద్దన్నది."

"అయితే పప్పన్న తినకపోతివా?"

"నువ్వు వద్దంటివి గదా అన్న."

 లక్ష్మీరాజం ఎవరో ఇచ్చిన నీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, వెళ్లి బస్సు తీశాడు.

మర్నాడు రేవతి మంచిర్యాలలోనే మమతారాణి అనే డాక్టర్ దగ్గరికి పోయింది. డ్రైవర్‌నూ బిడ్డనూ కూడా పట్టుకుపోయింది. తను విన్నది మళ్లీ ఇద్దరికీ వేర్వేరుగా చెప్పే ఓపిక లేక, చెవులారా వాళ్లనే వినమంది.

డాక్టర్ అంతా విని, డ్రైవర్‌నూ బిడ్డనూ చూసి, "మీరిద్దరూ ముందు మానేసింది స్వీట్లు, బిస్కెట్లు, బేకరీ సరుకే కదా. మీకు మంచి జరిగింది అందువల్లేనేమో" అన్నది. తర్వాత నవ్యశ్రీ వైపు తిరిగి, పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానితే బీ12 మాత్ర వేసుకోవాలని చెప్పింది. లక్ష్మీరాజాన్ని కొలెస్ట్రాల్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని అడిగింది. అతను వచ్చే నెల చేయించుకుంటానన్నాడు.

"మరి గీ రెండిట్ల ఏది మంచిది మేడం?" అని అడిగింది రేవతి.

"ఎవరి ఒంటికి ఏది పడుతుందో నేను ముందే చెప్పలేను. మీరైతే సగం కంచం కూరగాయలు పెట్టుకోండి. కొంచెం అన్నమో రొట్టెనో, పప్పో గుడ్డో తినండి. రోజూ నడవండి. ఆకలితో మాత్రం ఉండొద్దు."

అన్నమో రొట్టెనో. పప్పో గుడ్డో. ఒక్క మాట చెబుతుందని వస్తే ఇన్ని మాటలు చెప్పింది. మెట్లు దిగుతూ, "ఇంతకు మేడం ఎవరి దిక్కు మాట్లాడింది?" అని బిడ్డను అడిగింది రేవతి. నవ్యశ్రీ మందుల షాపులోకి పోయి బీ12 మాత్రలు కొనుక్కుంది.

ఆ తర్వాత రేవతి చేతికి అందింది తిన్నది. ఒకరోజు కొంచెం అన్నం, ఒకరోజు రొట్టె, ఒకరోజు గుడ్డు. చాయ్ మాత్రం అలవాటు తప్పిపోయి మళ్లీ తాగాలనిపించలేదు. ఆమె డ్యూటీకి పోయే స్కూటీని రిపేరుకిచ్చి రవి మళ్లీ తేలేదు. అందుకని రోజూ శ్రీరాంపూర్ నుంచి వచ్చే బస్సు దిగి డిపో దాకా నడిచి పోవలసి వచ్చేది.

కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేస్తే షుగర్ కొంచెం దిగింది.

"అన్నం తగ్గించినవు గదా, సగం పేలియో చేసినట్టే" అన్నాడు లక్ష్మీరాజం.

"పాలు మానేసినవు గదా, సగం వీగన్ అయినట్టే" అన్నది ఫోన్లో నవ్యశ్రీ.

"స్కూటీ లేకపోవుడు మంచిగైంది" అన్నాడు రవి, ఇక దాన్ని తెచ్చే పని తప్పినట్టు.

ముగ్గురి మాటా నిజమే అనిపించింది రేవతికి. మళ్లీ ముగ్గురిదీ కాదేమో అని కూడా అనిపించింది. వీటిలో ఒకటి మానేసి చూస్తే తెలుస్తుందేమో గానీ, మానడానికి భయం వేసింది.

లక్షెట్టిపేటలో ఎక్కే ఒకామె ఒకరోజు ఆమెను కిందికీ పైకీ చూసి, "మస్తు సన్నగైనవ్ మేడం. ఏం తింటున్నవ్?" అని అడిగింది.

రేవతి టికెట్ మిషన్ పట్టుకుని ఆలోచించింది. "అన్నం తింటున్న. రొట్టె గూడ. గుడ్డు ఒకదినం తింట, ఒకదినం తినను. దేనితోటి తగ్గిందో నాకే సమజైతలేదు."

అడిగినామె పక్క సీటామె వైపు వంగి, "అసలు సంగతి చెప్పద్దని చూస్తుంది" అన్నది.

రేవతికి ఆ మాట వినపడింది. ఏం చెప్పాలో తెలియక, దండేపల్లి వాళ్లెవరని అడుగుతూ వెనక్కి పోయింది.