మా బావ పోయిన రోజు పడవలు ఎందుకు వెళ్లాయంటే

మా బావ చనిపోయాడన్న కబురు నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నమ్మాను. అప్పుడాయన శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. రెండోసారి నమ్మలేదు. అప్పటికి ఆయన నిజంగానే పోయాడు. ఇందులో నా తప్పెక్కడుందో చెప్పమని ఊళ్లో కనబడినవాళ్లనల్లా అడిగాను. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పలేదు. అందుకే ఇది చదివే మీ ముందు పెడుతున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా యాసను పేపరు భాషలోకి మారుస్తానంటే సరేనన్నాను. మాటను మాత్రం మార్చొద్దన్నాను.

బావంటే మా అక్క మొగుడు. మాది కళింగపట్నం పక్కనున్న చేపల పల్లె. బావ వయసులో ఉండగా అందరిలాగే వేటకెళ్లాడు. మోకాలు దెబ్బతిన్నాక ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు అక్షరాలను ఆయన మరిచిపోలేదు. టీ కొట్లో అందరూ చదివి పడేసిన పేపరు మధ్యాహ్నానికి ఆయన చేతికొచ్చేది. మేము ఆడవాళ్లం ఇసకలో నెత్తళ్ల చేపలు ఆరబోసి, కాకుల్ని తోలుతూ కూర్చునేవాళ్లం. ఆయన పెద్ద గొంతుతో చదివేవాడు. ఒక వార్త అయ్యాక పేపరు మోకాళ్ల మీద దించి మా మొహాలు చూసేవాడు.

"ఇది ఎవులు సూసినారు?" అని అడిగేవాడు.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. పేపర్లో వేశాక ఎవరో ఒకరు చూసే ఉంటారు కదా అనేదాన్ని. "సూసినోడి మాట ఇందులో ఉన్నాదా, ఇన్నోడి మాట ఉన్నాదా, ఎవుడూ సూడకుండా కూసున్న సోటనే రాసినారా, అది సెప్పు" అనేవాడు. చదివేది ఆయన, చెప్పాల్సింది నేనా? అదెక్కడి న్యాయమని గంప ఎత్తుకుని లేచిపోయిన రోజులున్నాయి. మర్నాడు మళ్లీ అక్కడే కూర్చునేదాన్ని.

ఒకసారి పేపరు మొదటి పేజీ నిండా మోకాళ్ల నొప్పుల నూనె గురించి వచ్చింది. నెత్తిన బిందె పెట్టుకుని ఒక ముసలామె నవ్వుతున్న బొమ్మ వేశారు. ఆ నూనె తెప్పించమన్నాను, నీ మోకాలికీ పనికొస్తుందన్నాను. బావ పేజీ పైన ఒక మూల వేలు పెట్టి, ఇది వార్త కాదు అమ్మకం, ఆ సంగతి ఇక్కడ చిన్న అచ్చులో వేశారు అన్నాడు. అమ్మకమైతే వార్త ఉండాల్సిన చోట ఎందుకు పెట్టారని నేను గట్టిగానే అడిగాను.

"ఒసే మరదలా, గంపలో పైన మంచి చేప పెట్టి కింద నలిగింది పెడతావు కదే. నివ్వెందుకు పెడతావో ఆలూ అందుకే పెట్టినారు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ రోజు నుంచి పేపరంటే ఏమిటో నాకు కొంచెం తెలిసింది. గంప కొనేవాళ్లు చెయ్యి లోపలికి పెట్టి చూస్తారు. పేపరుకు చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆయన చూపించాడు.

ఏది వార్తో ఏది కాదో మాత్రం నాకు ఎప్పటికీ అంతుపట్టలేదు. పడవ తిరగబడితే మైకులు పట్టుకుని మా ఒడ్డుకు వస్తారు. ఏడుస్తున్నవాళ్లను ఇంకోసారి ఏడవమంటారు. ఏడాదంతా చేప పడకపోతే ఒక్కడూ రాడు. ఇదేమిటని బావను అడిగితే, రేపు నువ్వు చేసే పని దేనివల్ల మారుతుందో అది నీకు వార్త, మిగతాది కాలక్షేపం అన్నాడు. మరి సినిమావాళ్ల పెళ్లి సంగతి ఎందుకు చదువుతున్నావన్నాను. "మీరు అడుగుతారని" అన్నాడు. ఆ పెళ్లిలో పట్టుచీర రంగు ఏమిటో మాకంటే ముందు ఆయనకే గుర్తుండేది. ఇదీ నాకు అర్థం కాలేదు.

అన్నీ కొట్టిపారేసే మనిషి అనుకోకండి. రేడియోలో గాలివాన హెచ్చరిక వస్తే ఊళ్లో అందరికంటే ముందు లేచేది ఆయనే. కుంటుకుంటూ వెళ్లి పడవలు పైకి లాగించేవాడు. ఒకసారి ఎండ కాస్తుండగానే అలా చేస్తుంటే నేను పట్టుకున్నాను. ఎవరు చూశారని మమ్మల్ని సతాయిస్తావు, ఈ తుఫానును ఎవరు చూశారని అడిగాను.

"అది సెప్పినోడెవుడో నాకు తెలుసు. దేంతో సూసినాడో తెలుసు. తప్పయితే రేపు ఆడిని అడగొచ్చు. ఫోన్లో వచ్చినదాన్ని ఎవుల్ని అడుగుతావు?" అన్నాడు.

ఇక మొదటి కబురు సంగతి. బావకు ఆయాసం వచ్చి అక్క శ్రీకాకుళం తీసుకెళ్లింది. ఆయన మేనల్లుడొకడు ఊరి వాళ్లందరినీ కలిపి ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. ఒక ఉదయం అందులో బావ బొమ్మకు పూలదండ వేసి, పక్కన దీపం పెట్టి, ఆయన ఇక లేరని పంపించాడు. మా పల్లెలో మనిషి పోతే ఆ రోజు ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగదు. పెద్దవాళ్లు పోయినా, పసిబిడ్డ పోయినా అంతే. బయలుదేరిన పడవల్ని కూడా కేకలేసి వెనక్కి రప్పించాం. నేను ఇసకలో కూలబడి బావా బావా అని ఏడ్చాను. ఆయన నాకు చేసిన మేళ్లన్నీ పాటలా ఏడ్చాను. సాయంత్రం అక్క ఫోను చేసి, మీ బావకు ఎండు నెత్తళ్ల కూర తినాలని ఉందట, పంపగలవా అంది. పోయింది ఇంకో పల్లె మనిషి. ఇంటిపేరూ పేరూ ఒకటే కావడంతో మేనల్లుడు పొరబడ్డాడు. మా తీరమంతా తాతల పేర్లే పెట్టుకుంటారు కదా, ఒక్కో పేరుకు పదిమంది ఉంటారు.

బావ ఇంటికొచ్చాక మేనల్లుణ్ణి ఏమీ అనలేదు. నన్నే పిలిచాడు. నేను ఏడ్చిన పాట మళ్లీ పాడమన్నాడు, బతికుండగా వినే అదృష్టం ఎవరికొస్తుందని ఏడిపించాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"మీ అక్క నా పక్కనే ఉన్నాది. దాన్ని ఒక్కరూ అడగలేదు. ఇంకోసారి ఇలాటి కబురొస్తే, మీ అక్క నోటంట ఇనీ వరకూ నమ్మకు. పడవలు ఆపనీకు."

సరే బావా అన్నాను.

కొన్ని నెలలకు ఆయాసం మళ్లీ ఎక్కువైంది. మళ్లీ శ్రీకాకుళం, మళ్లీ పక్కన అక్క. ఇక్కడ గాలులకు వేట ఆగిపోయి ఇళ్లల్లో పొయ్యి వెలగడమే కష్టంగా ఉంది. సముద్రం నెమ్మదించిన మొదటి తెల్లవారే, మగవాళ్లు పడవలు తోస్తుండగా, మేనల్లుడు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అదే బొమ్మ, అదే దండ, అదే దీపం.

"ఎవులు సూసినారురా?" అని అడిగాను.

"ఆస్పత్రి నుంచి ఎవులో పెట్టినారు అత్తా."

ఎవరో. ఆ ఎవరో అన్న మాటే నన్ను పట్టుకుంది. అక్కకు ఫోను చేయించాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేయించాను, మళ్లీ మోగింది. మగవాళ్లు తెడ్లు పట్టుకుని నా వంక చూస్తున్నారు. పోయినసారి నన్ను చూసే వాళ్లు ఆగారు, ఒక పూట తిండి పోయింది. నేను వెళ్లండి అన్నాను. మా అక్క చెప్పే వరకూ మా బావ బతికే ఉన్నాడు, వెళ్లండి అన్నాను. వాళ్లు నవ్వుకుంటూ, పేపరాయన ఈసారి ఏ టిఫిను తింటున్నాడో అనుకుంటూ వెళ్లారు.

పొద్దు బాగా ఎక్కాక అంబులెన్సు వచ్చింది. అక్క దిగింది, వెనకే బావను దించారు. పాడె మోయడానికి ఊళ్లో మేనల్లుడూ నడుం వంగిన ముసలాళ్లూ తప్ప మగవాళ్లు లేరు. సముద్రం లోపలికి ఫోను అందదు. బావను అరుగు మీద పడుకోబెట్టి అందరం నీళ్ల వంక చూస్తూ కూర్చున్నాం. పడవలు తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. ఆ రోజే వలల్లో కవళ్ల చేపలు విరగబడ్డాయి. అవి తెచ్చినవాళ్లు వాటిని దించలేదు, మేము ముట్టలేదు. కుక్కలూ కాకులూ తిన్నాయి. అక్క అరుగు మీద నుంచే అడిగింది.

"నా మొగుడు పోయిన దినాన వలేసినారా? ఎవులు ఎల్లమన్నారు?"

అందరూ నా వైపు చూశారు. నేనూ దాచలేదు, నేనే అన్నాను. అక్క అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు. దినకర్మల్లో నేను నీళ్లు తెచ్చిపెడితే పక్కకు తిరిగి కూర్చుంది. ఒక కడుపున పుట్టి, ఒక పల్లెలో కాపురాలు చేసి, ఈ వయసులో మొహం తిప్పుకుంటే నేనెక్కడికి పోను?

ఇంతలో పేపర్లో బావ గురించి వచ్చింది. ఊరికొచ్చిన విలేకరితో పెద్దలు ఏదో చెప్పారు. మనవరాలు చదివి వినిపించింది. తాను పోయినా వేట ఆపవద్దన్నది ఆయన చివరి కోరికట. మత్స్యకారులు కన్నీళ్లతో సముద్రంలోకి వెళ్లి ఆయనకు నివాళి అర్పించారట. ఇంకోసారి చదవమన్నాను. కన్నీళ్లు ఎవరు చూశారు? నేను ఒడ్డునే ఉన్నాను, వాళ్లు నవ్వుకుంటూ వెళ్లారు. పెద్దల దగ్గరికి వెళ్లి అడిగితే, ఊరి పరువు నిలబడింది, మీ బావకూ గొప్పే, నీ మీద పడ్డ నిందా పోయింది, ఇంకెందుకు కెలుకుతావు అన్నారు. మేనల్లుడు ఇంటికొచ్చి మరీ బతిమాలాడు.

"అత్తా, ఆ మాట నీతోనే సెప్పినాడని ఒక్క ముక్క అను. పెద్దత్త నీతో మాటాడతాది."

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. బావ పడవలు ఆపొద్దన్నాడు, అది నిజం. చావు కబురు గురించే అన్నాడు, అదీ నిజం. అక్క చెప్పే వరకూ అన్న ముక్క ఒక్కటి తీసేస్తే పేపర్లో రాసింది అబద్ధం కాదు. ఆ ముక్క ఉంటే నిజం కాదు. ఇలాంటివి విడదీసి చెప్పడానికి ఉన్న ఒక్క మనిషీ పోయాడు. ఎవరిని అడగను?

మొన్న అక్క కబురు పెట్టింది. మొగుడు పోయిన ఆడది కొన్నాళ్లు గడప దాటకూడదు మాలో. గదిలో మూల చాప మీద కూర్చుని ఉంది. దిండు కింద నుంచి పేపరు ముక్క తీసి నా ముందు పెట్టింది. దానికీ చదువు రాదు, ఎవరో చదివి చెప్పారు.

"ఇది నిజమేనేటే? నీతో అన్నాడా?"

ఔనంటే చాలు. ఆ రెండు అక్షరాలూ నాలుక చివరిదాకా వచ్చాయి. మా అక్క మొహం ఔననమన్నట్టే ఉంది.

నేను మొత్తం చెప్పాను. నీ నోటి నుంచి వినే వరకూ నమ్మొద్దన్నాడు, పడవలు ఆపొద్దన్నాడు, తాను నిజంగా పోతే ఆపొద్దని మాత్రం నాతో అనలేదు అన్నాను. ఇంకెవరితో అయినా అన్నాడేమో నేను వినలేదు. నీకు ఫోను చేయించాను, నువ్వు ఎత్తలేదు అన్నాను. చివరి మాట కొంచెం కోపంగానే వచ్చింది.

అక్క చాప పుల్ల ఒకటి గిల్లింది.

"మోగింది. నాకు తెలుసు, నీదేనని. ఎత్తితే సెప్పాల కదే" అంది.

ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. దాని తప్పా, నా తప్పా, ఆయన అలా చెప్పడమే తప్పా? పెద్దలు అబద్ధమాడారా, కొంచెం తక్కువ నిజం చెప్పారా? మీలో తెలిసినవాళ్లుంటే తేల్చండి. ఆయన్ను తలుచుకుంటే నాకు కన్నీళ్లకంటే ముందు ప్రశ్నలొస్తున్నాయి. అవన్నీ ఆయన ఇచ్చి వెళ్లినవే. మా ఆడవాళ్లకు చీరలూ సారెలూ ఇచ్చినవాళ్లున్నారు గాని, ప్రశ్న ఇచ్చినవాడు ఆయనొక్కడే.

మేమిద్దరం అలా కూర్చుని ఉండగా బయట కేకలు వినిపించాయి. పడవలు వస్తున్నాయి. ఆడవాళ్లు గంపలెత్తుకుని ఇంటి ముందు నుంచి పరుగెడుతున్నారు. అక్క తల ఎత్తి, మెడ సాచింది. మూలలో నుంచి దానికి గుమ్మం మాత్రమే కనబడుతుంది.

"ఏటి పడ్డాదే?" అంది.

"కవళ్లంటన్నారు" అన్నాను.

"సూసొచ్చి సెప్పు."

లేచి వెళ్లాను. నీళ్లు పిక్కల దాకా వచ్చే చోట నిలబడి చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. పడవలు ఇంకా దూరంగానే ఉన్నాయి. ఒకటి పైకి తేలుతోంది, ఒకటి అలల వెనక్కి పోతోంది. వాటిల్లో ఏముందో ఇక్కడి నుంచి కనబడటం లేదు.